లారీ ఎక్కని ఇల్లు

మా పొలానికి డబ్బు నాలుగు విడతల్లో వచ్చేది. చెరకు కోసి మిల్లుకు పంపిన కొన్ని వారాలకు మొదటి పేమెంటు. సీజను ముగిశాక రెండోది. పైఏడు మూడోది, ఇంకా కొన్ని నెలలకు ఆఖరిది. ఆఖరిది చేతికొచ్చేసరికి మళ్లీ కోత మొదలయ్యేది. ఏ ఏటి చెరకుకు ఏ డబ్బు వచ్చిందో చాలా ఇళ్లలో ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. నేను పట్టించుకునేదాన్ని. అందుకే నాకు చెడ్డపేరు.

మొదటి మూడు పేమెంట్లు రాకముందే ఖర్చయిపోయేవి. మొదటిది ఎరువుకు, కోతగాళ్లకు, లారీకి. రెండోది, ఏడాది పొడుగునా పిండి, బియ్యం, నూనె అరువిచ్చిన అంగడికి. మూడోది పిల్లల బడి బట్టలకు, బూట్లకు. ఆఖరిది ఒక్కటే ఎవరికీ ముందుగా మాట ఇవ్వని డబ్బు. అది వచ్చిన వారం మా ఊరు సెయంగంగా దారిలో నడిస్తే ఏ ఇంట్లో ఏం కొన్నారో వాసనను బట్టి చెప్పొచ్చు. ఒక ఇంట్లో మేకను కోసేవాళ్లు. ఒక ఇంట్లో కొత్త రంగు వేసేవాళ్లు. ఒక ఏడు మా పక్క పొలం వాళ్లు వీడియో డెక్కు కొన్నారు. మా దారికి అప్పటికి కరెంటు రాలేదు. వచ్చేదాకా ఆ డెక్కు మీద క్రోషియా గుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ పూలు పెట్టి ఉంచారు. నేను నవ్వితే వాళ్లావిడకు కోపం వచ్చింది.

ఇది కాక ఆడవాళ్ల డబ్బు ఒకటుంది. కోళ్ల డబ్బు అనేవాళ్లం. గుడ్లు, మేకలు, బెండకాయలు, చెరకు గట్ల మీద వేసిన కందులు అమ్మితే వచ్చేది. దాని సంగతి మగవాళ్లు అడగరు, ఆడవాళ్లు చెప్పరు. అది మా పద్ధతి. చెరకు కాంట్రాక్టు మా ఆయన పేరున, చెక్కు ఆయన పేరున, లీజు ఆయన పేరున. కోళ్లు మాత్రం నావి.

నేను పుట్టింది ఇక్కడే ఫిజీలో, లంబాసా పట్నం పక్కన. మా నాన్న ఆదివారాలు పలక మీద తెలుగు నేర్పాడు, దెబ్బలతో సహా. అందుకే ఈ వయసులోనూ రాయగలుగుతున్నాను. అత్తగారింట్లో అత్తతో తెలుగు, మా ఆయనతో సగం తెలుగు సగం మా ఫిజీ హిందీ, పొలంలో అంతా హిందీ, ఆఫీసుల్లో ఇంగ్లీషు. ఆఫీసు కాగితాలు చదవడం నా పని.

1976లో మేము సెయంగంగా వచ్చాం. అడవి కొట్టుకుని చెరకు వేసుకునేవాళ్లకు భూమి లీజుకిస్తున్నారని విని వచ్చాం. భూమి అక్కడి ఫిజీవాళ్లది, కొండ కింద వాళ్ల ఊరు ఉంది. మాది ముప్పై ఏళ్ల వాడకం. లీజు కాగితం మీద సంతకం మా ఆయనది, చదివింది నేను. ముగిసే తేదీ ఆఖరి పేజీలో ఉంది: 2006 జూన్ 30. లంబాసా నుంచి తిరిగొచ్చే బస్సులో ఆ తేదీ ఆయనకు రెండుసార్లు చెప్పాను.

“ముప్పై ఏళ్లా! అప్పటికి మనం ఉంటామో లేమో,” అన్నాడు.

“నాకు యాభై ఏడు, మీకు అరవై ఒకటి. ఉంటాం,” అన్నాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. మా పెళ్లయి అప్పటికి ఎనిమిదేళ్లు. కిటికీలోంచి బయటికి చూస్తే ఆయన దృష్టిలో ఆ మాట ముగిసినట్టు.

మొదట మేము ఉన్నది రేకుల ఇంట్లో. గుంజలు పాతి, రేకులు కొట్టి, నేల మీద పేడ అలికాం. మేము వెళ్లిన కొన్నేళ్లకు వచ్చిన తుఫానుకు ఆ ఇంటి కప్పు లేచిపోయింది. మేము బల్ల కింద దాక్కున్నాం. మా అత్త బల్ల కిందకు రానంది, నడుము వంగదని. పీట మీద కూర్చుని, నెత్తి మీద ఇత్తడి పళ్లెం పెట్టుకుని దేవుణ్ణి తిడుతూ ఉంది. తెల్లారాక రేకులు చెరకు తోటలో అక్కడక్కడా దొరికాయి. నేను ఏరి లెక్కపెడుతుంటే మా ఆయన వాటి వంక చూడనైనా లేదు. నేల మీద కర్రతో గీతలు గీస్తున్నాడు.

“ఏం గీస్తున్నారు?”

“బ్లాకుల ఇల్లు. సిమెంటు. నాలుగు గదులు.”

నేను తుఫానులో కూడా అంత భయపడలేదు.

నా ఆలోచన వేరే. మా వైపు చెక్క దొరుకుతుంది. గట్టి చెక్కతో, మేకులు కాకుండా బోల్టులు బిగించి, గుంజల మీద ఇల్లు కట్టుకోవాలి. తేదీ వచ్చిన రోజున స్పానరు పట్టుకుని విప్పి, లారీ ఎక్కించి తీసుకుపోవాలి. సిమెంటుకు పోయే డబ్బులో మిగిలినదానితో లంబాసా దగ్గర సొంత నేల, ఫ్రీహోల్డు, పావెకరమైనా సరే కొనుక్కోవాలి. ఎప్పుడో ఒకప్పుడు దిగాల్సిన చోటు ముందే చూసుకోవాలి. ఇందులో అర్థం కానిది ఏముంది?

“చెక్క ఇల్లా? చెదలకు పెట్టడానికా?” అన్నాడు మా ఆయన.

“చెదలు తిన్న చెక్క మార్చుకోవచ్చు. గోడ కింద నేల మనది కాదు.”

“ముప్పై ఏళ్లు మనదే.”

“ఇరవై ఆరు. నాలుగు అయిపోయాయి.”

“చూశావా అమ్మా, దీని సంగతి,” అన్నాడు వాళ్లమ్మతో. “అన్నం పెడుతూ కూడా ఎన్ని మెతుకులో చెప్తుంది.”

మా అత్త నవ్వలేదు. ఆవిడ లోపలికి వెళ్లి, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, గుడ్డ మూట తీసింది. అందులో సవరన్ల దండ ఉంది. పద్నాలుగు బంగారు నాణేలు. మా కాలంలో చెరకు పొలాల ఆడవాళ్లకు అదే బ్యాంకు. మెడలో వేసుకుంటే నగ, కష్టమొస్తే ఒక్కొక్కటి తెంపి అమ్ముకోవచ్చు. దానికి ఏ తేదీ లేదు, ఏ లారీ అక్కర్లేదు. ఆ దండను మా ఆయన ఒళ్లో పడేసింది.

“అత్తా, ఇది గోడల్లో పెడితే మళ్లీ రాదు,” అన్నాను.

“నేను పుట్టింది కూలీ లైన్లలో, చెరకు కంపెనీ కట్టిన వరస గదుల్లో,” అంది ఆవిడ. “నీకు తెలియదు కోడలా. ఒక గదికీ ఇంకో గదికీ మధ్య గోడ కప్పు దాకా ఉండేది కాదు. పక్క గదిలో మొగుడు పెళ్లాన్ని కొడితే మాకు వినపడేది. మా నాన్న మా అమ్మను కొడితే వాళ్లకు వినపడేది. మర్నాడు బావి దగ్గర అందరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకునేవాళ్లు కాదు. కప్పు దాకా పోయిన గోడ వెనకాల చస్తాను నేను. అంతే.”

లెక్క నాది సరైనదే. కానీ ఆవిడ అడిగింది లెక్కకు అందేది కాదు.

ఇల్లు కట్టాలంటే భూమి వాళ్లను అడగాలి. చట్టం ప్రకారం భూమి యజమాని అనుమతి రాతపూర్వకంగా ఉంటేనే, లీజు ముగిశాక కట్టుబడికి పరిహారం అడగొచ్చు. భూముల ఆఫీసులో గుమాస్తా నాకు చెప్పాడు, నేను మా ఆయనకు చెప్పాను. ఆయన దానికి చేసింది ఏమిటంటే, మార్కెట్టులో యంగోనా, అంటే దంచి నీళ్లలో కలుపుకుని తాగే వేళ్లు, ఒక కట్ట మంచిది చూసి కొని, కొండ కింది ఊరి పెద్దాయన ఇంటికి తీసుకుపోవడం. మా వైపు ఎవరైనా అదే చేస్తారు. యంగోనా పెట్టి అడగాలి, ఆయన పుచ్చుకోవాలి, అందరూ ఒకే కొబ్బరి చిప్పలోంచి తాగాలి. అక్కడితో మాట అయిపోయినట్టు. నేనూ వెళ్లాను, చాప మీద వెనకగా కూర్చున్నాను.

పెద్దాయన మంచివాడు. మా హిందీ మాకంటే బాగా మాట్లాడేవాడు. ఆయన కొడుకు, ముప్పై ఏళ్ల మనిషి, చెక్క గిన్నెలో యంగోనా కలిపి చిప్పతో అందించాడు. పెద్దాయన తాగి, చప్పట్లు కొట్టి, “కట్టుకో. మంచి ఇల్లు కట్టుకో. వానకు తడవకుండా ఉండండి,” అన్నాడు మా ఆయనతో.

మా ఆయన పొంగిపోయాడు. నేను ఆగలేకపోయాను.

“అన్నా, ఆ మాట ఒక కాగితం మీద రాసి ఆఫీసులో ఇస్తే మంచిది కదా,” అన్నాను.

మా ఆయన మొహం ఎర్రబడింది. పెద్దాయన మాత్రం నావైపు తిరిగి, నవ్వుతూ, “బహినీ, కాగితం సంగతి సరే. సిమెంటు ఇల్లంటున్నారు. పోయేటప్పుడు దాన్ని లారీ ఎలా ఎక్కిస్తారు?” అన్నాడు.

గదిలో అందరూ నవ్వారు. మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ గదిలో నా ప్రశ్న అడిగినవాడు పెద్దాయనొక్కడే. ఆయన అది హాస్యానికి అడిగాడు.

ఇంటికొచ్చే దారంతా మా ఆయన ముందు నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, “తాగిన చిప్ప కింద పెట్టకముందే కాగితం అడుగుతావా? మాట ఇచ్చిన మనిషిని సంతకం పెట్టమంటే నువ్వు అబద్ధాలకోరువి అన్నట్టు కాదూ? సిగ్గుతో చచ్చాను,” అన్నాడు.

“ఆయన మాట ఆయన ఉన్నంతవరకు. తేదీ నాటికి ఆయన ఉండొద్దూ?”

“మళ్లీ తేదీ!”

తరువాత కాగితం రాయించుకోమని మా ఆయన్ను రెండుసార్లు అడిగాను. ఒకసారి నేనే బస్సెక్కి ఆఫీసుకు వెళ్లాను. లీజుదారు ఎవరు, నీ భర్తా, అయితే ఆయన్నే రమ్మను అన్నారు. ఆయన రాలేదు.

ఇల్లు 1981లో మొదలై 1986లో ముగిసింది. ఆరు ఆఖరి పేమెంట్లు మింగింది. ఒక ఏటి డబ్బుకు పునాది, ఒక ఏటి డబ్బుకు కిటికీల ఎత్తు దాకా గోడలు. మధ్యలో చెరకు ఎండితే ఆ ఏడు గోడ అలాగే నిలిచిపోయి నాచు పట్టేది. మా దారిలో అలాంటి ఇళ్లు చాలా ఉండేవి. సగం గోడల మధ్య జనం వంట చేసుకునేవాళ్లు, పిల్లల పెళ్లిళ్లు చేసేవాళ్లు.

1983లో లంబాసా దగ్గర ఒక విధవ ఆవిడ తన పావెకరం ఫ్రీహోల్డు అమ్ముతానంది. రెండువేల నాలుగు వందల డాలర్లు. నా కోళ్ల డబ్బు పదకొండు వందల ఎనభై ఉంది. ఆ ఏటి ఆఖరి పేమెంటు పదమూడు వందలు. కలిపితే స్థలం మనది, పైన ఎనభై రిజిస్ట్రేషనుకు. అంత చక్కగా కలిసిన లెక్క నా జన్మలో మళ్లీ చూడలేదు. మా అత్త వినేలా, మా మరిది కూడా ఉన్నప్పుడు చెప్పాను. మా మరిదిది పక్క పొలమే, వడ్రంగం కూడా చేసేవాడు.

“వదిన చెప్పేది బాగానే ఉందన్నా,” అన్నాడు మరిది.

“కిటికీల మీద లింటలు పొయ్యకుండా వదిలేస్తే వానకు గోడలు పాడవుతాయి,” అన్నాడు మా ఆయన. “స్థలం ఎక్కడికి పోతుంది? వచ్చే ఏడు కొందాం.”

లింటలు పోశారు. స్థలం ఆ నెలలోనే పోయింది. ఇప్పుడక్కడ పెట్రోలు బంకు ఉంది. బస్సులో అటు వెళ్లినప్పుడల్లా నేను రెండోవైపు కూర్చుంటాను.

నాకు ఒళ్లు మండి, నా కోళ్ల డబ్బులో కొంత తీసి, మరిదిని పిలిచి, బ్లాకుల ఇంటికి వెనక వేరుగా చెక్క వంటిల్లు కట్టించాను. పది అడుగులు, పద్నాలుగు అడుగులు. ప్రతి కీలు దగ్గరా బోల్టు.

“వదినా, ఒక్కో బోల్టు ఖరీదుకు గుప్పెడు మేకులు వస్తాయి. ఇది వంటిల్లా, వంతెనా?” అన్నాడు మరిది.

“నువ్వు బిగించు. విప్పేది కూడా నువ్వే.”

వంటింటి తలుపుకు లోపలివైపు, మిగిలిన నీలం రంగుతో పెద్ద అక్షరాల్లో 30.6.2006 అని రాశాను. మా అత్త చూసి నోరు నొక్కుకుంది. “ఎవరైనా ఇంట్లో చావు తేదీ రాసి పెట్టుకుంటారటే?” మా ఆయనా చూశాడు. మర్నాటి నుంచి ఆ తలుపు మీద తన వాన కోటు తగిలించడం మొదలుపెట్టాడు, సరిగ్గా ఆ అంకెల మీద. నేను తీసి వేరే మేకుకు తగిలించేదాన్ని. ఆయన మళ్లీ అక్కడే తగిలించేవాడు. అలా ఇరవై ఏళ్లు.

ఇల్లు పూర్తయ్యింది. పూర్తయిందని అనకూడదు. కప్పు మీద స్తంభాల నుంచి ఇనుప చువ్వలు పైకి పొడుచుకుని ఉండేవి. మేడ వేసేందుకు వదిలాడు. లీజు భూమి మీద మేడ! మా దారిలో చువ్వలు లేని బ్లాకుల ఇల్లు లేదు. మా అత్త తన గదిలో మంచం మీద కూర్చుని, వేళ్ల కణుపులతో గోడను కొట్టి, చెవి పెట్టి వినేది. “ఏమీ వినపడటం లేదు,” అనేది సంతోషంగా. 1990లో ఆ గదిలోనే పోయింది. ఆవిడ డబ్బు ఆవిడకు ముట్టింది. ఆ ఇంట్లో పూర్తిగా ముట్టింది ఆవిడకొక్కదానికే.

ఇంకోమాట కూడా రాయాలి, రాయకపోతే లెక్క తప్పుతుంది. ఆవిడ పోయాక కొన్నేళ్లకు ఇంకో తుఫాను వచ్చింది. బ్లాకుల ఇల్లు కదలలేదు. చుట్టుపక్కల నాలుగు ఇళ్ల వాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, ఒక దూడ, అందరూ మా ఇంట్లో దూరారు. నా వంటింటి కప్పు మాత్రం లేచి మామిడి చెట్టుకు చుట్టుకుంది. గాలి తగ్గాక మా ఆయన వాకిట్లో నిలబడి దాన్ని చూసి, అందరి ముందూ, “మీ వదినగారి బోల్టుల బ్యాంకు ఎగిరిపోయింది!” అన్నాడు. జనం నవ్వారు. ఆ రోజు ఆయన మాట నిజం. ఆ గోడలు లేకపోతే ఎవరికేమయ్యేదో. నేను మరిదిని పిలిచి, రేకులు సాపు చేయించి, మళ్లీ బోల్టులు బిగించమన్నాను.

1999లో వరండాకు టైల్సు వేశాడు.

దీని గురించి ఇప్పటికీ ప్రశాంతంగా రాయలేను. మంగళవారాల్లో రామాయణ మండలి వాళ్లు వంతులవారీగా ఇంటింటికీ వచ్చి చదివేవాళ్లు. మా వంతు వస్తోంది. సిమెంటు నేల మీద పెద్దవాళ్లను ఎలా కూర్చోబెడతామని ఆయన బాధ. చాపలున్నాయన్నాను. ఆఖరి పేమెంటు వచ్చిన మూడోనాడు లంబాసా వెళ్లి, చుక్కల టైల్సు, అంచుకు ఎర్రవి, లారీలో వేసుకుని వచ్చాడు.

“ఏడేళ్లుంది,” అన్నాను.

“లీజు మళ్లీ ఇస్తారు. అందరికీ ఇస్తారు. ఇంత మంచి ఇల్లు ఉన్నవాణ్ణి ఎవరు పొమ్మంటారు?”

అప్పుడు నాకు అర్థమైంది. నేను ఇన్నేళ్లూ ఆయన తేదీని మరిచిపోయాడనుకున్నాను. మరిచిపోలేదు. గోడ ఎంత బరువుంటే తేదీ అంత వెనక్కు జరుగుతుందని నమ్మాడు. మా దారిలో అందరూ అదే నమ్మారు. ఒకళ్ల చువ్వలు చూసి ఒకళ్లు ధైర్యం తెచ్చుకున్నారు. పక్కవాడు మేడ వేస్తున్నాడంటే వాడికేదో తెలిసే ఉంటుందని.

అప్పటికే ఇతర చోట్ల లీజులు ముగుస్తున్నాయి, జనం సామాన్లు కట్టుకుని పట్నాల పక్కలకు చేరుతున్నారని బస్సుల్లో వింటున్నాం. ఆ మాట ఎత్తితే ఆయన రేడియో పెంచేవాడు.

పెద్దాయన 2001లో పోయాడు. 2005 చివర్లో ఆయన కొడుకు మా ఇంటికొచ్చాడు. తానే యంగోనా తెచ్చాడు. అది చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. అడిగేవాడు తెస్తాడు యంగోనా. టైల్సు మీద చాప వేసి కూర్చున్నాం. అతనికీ జుట్టు నెరిసింది.

“అన్నా, మా పిల్లలు పెద్దవాళ్లయ్యారు. భూమి మాకే కావాలంటున్నారు. ఆఫీసు నుంచి కాగితం వస్తుంది. దానికి ముందు నేనొచ్చి చెప్పాలనుకున్నాను,” అన్నాడు. తప్పు అతనిదేముంది? భూమి వాళ్లది, తేదీ అందరికీ తెలిసినదే.

మా ఆయన టైలు అంచును వేలితో రుద్దాడు. తరువాత, “మీ నాన్న కట్టుకోమన్నాడు,” అన్నాడు.

“అన్నాడు. నేనే యంగోనా కలిపాను. ఎవరడిగినా చెప్తాను.”

చెప్పాడు కూడా. మా ఆయనతో ఆఫీసుకు వచ్చి, బల్ల ముందు నిలబడి, మా నాన్న అనుమతి ఇచ్చాడు, నేను విన్నాను అన్నాడు. బల్ల వెనక ఉన్న అమ్మాయి మర్యాదగా వింది. రాతలో ఉందా అంది. లేదు. అయితే గోడలకు పరిహారం రాదంది. విప్పుకుని తీసుకుపోగలిగినది తీసుకుపోవచ్చంది.

ఆమె ఆ మాట అంటున్నప్పుడు మా ఆయన నావైపు చూస్తాడేమోనని నేను కిటికీలోంచి బయటికి చూశాను.

జూన్‌లో ఇల్లు విప్పాం. రేకులు దిగాయి, వాసాలు దిగాయి, తలుపులు, కిటికీల గాజు పలకలు, నీళ్ల ట్యాంకు. వంటింటిని మా మరిది, సెలవు పెట్టి వచ్చిన మా అబ్బాయి కలిసి స్పానర్లతో పొద్దున మొదలుపెట్టి చీకటి పడేలోపు విప్పేశారు. ప్రతి చెక్కకూ సుద్దతో అంకె వేశాను. బోల్టులన్నీ పాలడబ్బాలో పోశాను. రెండు బోల్టులు మాత్రమే తుప్పు పట్టి తెగిపోయాయి.

“వదినా, గెలిచావు,” అన్నాడు మరిది, చెయ్యి తుడుచుకుంటూ.

ఏం గెలిచాను? పది అడుగులు, పద్నాలుగు అడుగులు.

మా ఆయన అప్పుడు వరండాలో ఉన్నాడు. ఉలి, సుత్తి పట్టుకుని గొంతుక్కూర్చుని టైల్సు ఊడదీస్తున్నాడు. మొదటిది మూడు ముక్కలైంది. రెండోది పొడైంది. ఇంకో మూల నుంచి ప్రయత్నించాడు. అంచు కింద ఉలి మెల్లగా పెట్టి, చంటిపిల్ల తల కింద చెయ్యి పెట్టినంత మెత్తగా లేపుతాడు, అది టప్పుమని విరుగుతుంది. బాగా గట్టిగా వేయించాడు మరి. సాయంత్రానికి సగం వరండా అలా విరగ్గొట్టాడు. ఒక్కటి కూడా పూర్తిగా రాలేదు. నేను వెళ్లి, “వదిలేయండి,” అన్నాను.

“డబ్బు పెట్టి కొన్నాం,” అన్నాడు.

ఆ మాట నాది. ముప్పై ఏళ్లుగా నేను అంటున్న మాట. ఆయన నోట్లో అది వినడం నాకు నచ్చలేదు.

లారీ కదిలినప్పుడు గోడలు అలాగే నిలబడి ఉన్నాయి. కప్పు లేదు, తలుపుల్లేవు, పైన చువ్వలు. మా అత్త గది గోడ పైకంటా కనపడింది. అందుకోవాల్సిన కప్పు ఇప్పుడు దానికి లేదు.

నా కోళ్ల డబ్బు, రేకులు అమ్మిన డబ్బు కలిపితే ఫ్రీహోల్డుకు చాలలేదు. ధరలు ఇప్పుడు ఎక్కడో ఉన్నాయి. లంబాసా దగ్గర చిన్న ఇంటి స్థలం దొరికింది, అదీ లీజే. ఆ కాగితం కూడా నేనే చదివాను. ముగిసేది 2036లో.

“నాకు ఎనభై ఏడు, మీకు తొంభై ఒకటి,” అన్నాను.

“అప్పటికి ఉంటామా!” అన్నాడు.

మరిది వచ్చి నా అంకెల ప్రకారం వంటిల్లు బిగించాడు. ఇప్పుడు అదే మా ఇల్లు. ఒక మూల పొయ్యి, ఒక మూల మంచం. తలుపు మీద పాత తేదీ ఉంది. దాని కింద కొత్తది రాశాను. మా ఆయన వాన కోటు రెంటినీ కప్పుతుంది.

మేము చేరిన మరుసటి ఏడు, వానలు మొదలయ్యే ముందు, ఆయన బజారు నుంచి ట్యాక్సీలో ఆరు బస్తాల సిమెంటు తెచ్చాడు. చెప్పకుండా. చెక్క మెట్టు జారుతోంది, ఒక్క మెట్టు పోస్తానన్నాడు. ఒక్క మెట్టుకు ఆరు బస్తాలా అన్నాను. మిగిలితే ముందు కాస్త వరండా అన్నాడు. ఎవరొస్తారు మనింటికి అన్నాను. రాకేం, అన్నాడు. బస్తాలు గోడ పక్కన పెట్టి పైన ప్లాస్టిక్ పట్టా కప్పాడు.

నేను రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు మధ్యాహ్నం ఆయన పడుకుని ఉన్నాడు, నేను గడప దగ్గర పప్పు ఏరుతున్నాను. గాలి లేచింది, వాన మొదలైంది. పట్టా ఒక కొస లేచి, మెల్లగా జారి, రెండు బస్తాలు బయటపడ్డాయి. చూస్తూ కూర్చున్నాను. తడిస్తే తెల్లారేసరికి రాయైపోతుంది. మెట్టూ ఉండదు, వరండా ఉండదు. నేను ఒక్క మాట అనక్కర్లేదు, వాననే అననివ్వొచ్చు.

చేటలో పప్పు ఇంకా సగం ఉంది. నాలుగు గింజలు ఏరాను. ఇంకో నాలుగు.

డబ్బు పెట్టి కొన్న సిమెంటు.

చేట కింద పెట్టి, ఆయన వాన కోటు తలుపు మీంచి లాగి నెత్తిన వేసుకుని, వానలోకి వెళ్లి పట్టా సరిచేసి, నాలుగు కొసల మీదా రాళ్లు పెట్టాను. చీర మోకాళ్ల దాకా బురదైంది. లోపలికొచ్చేసరికి ఆయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు, తలుపు మీది అంకెల వైపు చూస్తూ.

“తడవలేదు కదా?” అన్నాడు.

“మూడు బస్తాలు చాలు మెట్టుకు,” అన్నాను. “మిగిలినవి రేపు తిరిగిచ్చి రండి. రసీదు ఉందా?”

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.